నీళ్లలో పడ్డాక మళ్లీ కయాక్‌లోకి ఎక్కలేకపోతున్నాను: చేతుల్లో బలం లేకా, పద్ధతి తెలియకా?

నీలిచెరువు_నల్లగండ్ల | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు, బరువు 78 కిలోలు. ఈత వచ్చు కానీ అలవాటు తక్కువ. ఇన్నాళ్లూ కోట్‌పల్లి ప్రాజెక్టులో అద్దె కయాక్‌లతో (తెడ్డుతో నడిపే చిన్న పడవలు) తిరిగేవాళ్లం. ఈమధ్య మా వారు, నేను కలిసి గాలి నింపే రెండు సీట్ల కయాక్ కొనుక్కున్నాం. సొంత పడవ కాబట్టి, పడిపోతే ఎలా ఎక్కాలో ముందే నేర్చుకుందామని ఒడ్డుకు దగ్గర్లో, కాళ్లు నేలకు అందని చోట కావాలనే నీళ్లలోకి దిగాం.

నేను ఎక్కలేకపోయాను. అంచు పట్టుకుని పైకి లేస్తే ఛాతీ దాకా వస్తున్నా. సరిగ్గా అప్పుడే కాళ్లు పడవ కిందికి పోతున్నాయి, నేను వెల్లకిలా వెనక్కి పడుతున్నా. లైఫ్ జాకెట్ ముందు భాగం కయాక్ పక్కనుండే గాలి ట్యూబ్‌కు అడ్డం పడుతోంది. మళ్లీ మళ్లీ చేసేసరికి చేతులు వణకడం మొదలైంది. మా వారు ఎక్కారు కానీ ఆయనకూ తేలిగ్గా ఏమీ కాలేదు.

తెలిసినవాళ్లు జిమ్‌కి వెళ్లి చేతులు గట్టిపరుచుకో అంటున్నారు. అసలు సమస్య అదేనా? ఒడ్డు పక్కనే ఉంటేనే ఇంత టెన్షన్ పడ్డాను, మధ్యలో ఉంటే ఏం చేసేదాన్నో. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

---

తెరచాప_సికింద్రాబాద్ | శనివారం, రాత్రి 10:05

మేడమ్, జిమ్ సంగతి పక్కన పెట్టండి. చేతుల్లో బాగా బలం ఉన్న కుర్రాళ్లు కూడా మీలాగే వెనక్కి పడిపోతారు. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకునేవాళ్లకు సాయం చేస్తుంటాను, ఇది ఎప్పుడూ చూసేదే.

అసలు జరిగేది ఇది. నీళ్లలో ఉన్నంతసేపు మన ఒంటి బరువు దాదాపు తెలియదు. 50 న్యూటన్ల జాకెట్ అంటే సుమారు 5 కిలోల తేలే బలం, తల పైన ఉంచడానికి అంతే చాలు. కానీ ఒంట్లో ఎంత భాగం నీళ్లపైకి వస్తే అంత బరువు మన చేతుల మీద పడుతుంది. నిలువుగా వేలాడుతూ పైకి లాక్కుంటే ఛాతీ, పొట్ట, నడుము అన్నీ చేతులే మోయాలి. పైగా అంచును కిందికి లాగుతున్నాం కాబట్టి పడవ మన వైపు వంగుతుంది, కాళ్లు దాని కిందికి పోతాయి. బట్టల్లో నిలిచిన నీళ్లు కూడా పైకి వచ్చాకే బరువు చూపిస్తాయి.

కాబట్టి నిలువుగా లేవకండి. రెండు చేతులూ పడవ మీద పెట్టి, కాళ్లను వెనక్కి నీటి పైకి తేలనివ్వండి. ఒళ్లంతా నీటికి సమాంతరంగా వచ్చేదాకా కాళ్లు ఆడిస్తూనే ఉండండి. అప్పుడు గట్టిగా కాళ్లు కొడుతూ, అవతలి వైపు పట్టీని అందుకుని, పడవను మీ పొట్ట కిందికి లాక్కోండి. పడవ మీదుగా అవతలికి ఈదుకుపోతున్నట్టు చేయాలి. బొడ్డు పడవ మధ్యకు చేరేదాకా ఆగొద్దు. చాలామంది ఛాతీ ఎక్కగానే ఊపిరి తీసుకుందామని ఆగుతారు, జారేది అక్కడే.

పొట్ట పడ్డాక తొందర లేదు. బోర్లా పడుకుని నిదానించండి. తర్వాత వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చుని, చివర్లో కాళ్లు లోపలికి తీసుకోండి. ముందే మోకాలు పెట్టి ఎక్కబోతే బరువంతా ఒకే చోట పడి మళ్లీ బోల్తా.

మీ కయాక్‌లో అవతలి ట్యూబ్ మీద పట్టీలు ఉన్నాయా? లేకపోతే ముందు ఆ ఏర్పాటు చేసుకోండి. తడి ట్యూబ్ మీద చెయ్యి నిలవదు.

---

కృష్ణ_ఒడ్డు | శనివారం, రాత్రి 10:48

అక్కా, అన్న చెప్పింది సరైన మాట. దానికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. పడగానే మొదట పడవను పట్టుకోవాలి. తెడ్డు, చెప్పులు, ఫోను తర్వాత. మా నాన్నవాళ్లు నాగార్జున సాగర్ వెనక నీళ్లలో చేపలు పట్టేవారు, నేను ఆ పడవల మీదే పెరిగాను. ఖాళీ పడవ గాలికి కొట్టుకుపోతుంటే మంచి ఈతగాడు కూడా అందుకోలేడు. మీది గాలి నింపిన కయాక్, బరువు లేదు, నీళ్లలోకి దిగే భాగం తక్కువ. ఇంకా వేగంగా పోతుంది.

బోర్లా పడిన పడవను తిప్పేటప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. పడవ మీకూ గాలికీ మధ్య ఉంటే అది వచ్చి మీ మొహానికి తగులుతుంది. మీరు గాలి వచ్చే వైపు ఉండండి.

పుట్టి సంగతి వేరు. గుండ్రంగా ఉంటుంది, అంచు ఏ వైపు నొక్కినా అటే వంగి నీళ్లు తాగుతుంది. లోపల ఇంకో మనిషి అవతలి అంచు మీద బరువు వేసి కూర్చుంటేనే ఎక్కగలం. ఒక్కళ్లమే ఉంటే ఎక్కాలని పంతం పట్టకుండా, అంచు పట్టుకుని కాళ్లాడిస్తూ ఒడ్డుకు చేరడమే మేలు. మీ కయాక్‌కూ ఈ దారి ఉందని గుర్తుంచుకోండి. ఎక్కలేకపోతే పడవను వదిలి ఈదకూడదు, పడవను పట్టుకునే ఈదాలి.

---

వీకెండ్_పెడల్ | ఆదివారం, ఉదయం 7:30

జాకెట్ అడ్డం వస్తోంది అన్నారు కదా. దాన్ని విప్పి ముందు పడవలోకి విసిరేసి, తర్వాత ఎక్కి మళ్లీ వేసుకుంటే సరిపోదా? నేను ఒకచోట అలాగే చేశాను, తేలిగ్గా ఎక్కాను.

---

కాకినాడ_టు_కూకట్‌పల్లి | ఆదివారం, ఉదయం 8:02

వద్దు తమ్ముడూ, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకు. జాకెట్ విప్పాల్సిన సమయానికి మనిషి అప్పటికే అలసిపోయి ఉంటాడు. విప్పాక ఎక్కలేకపోతే? జాకెట్ పడవలో, పడవ గాలిలో, మనిషి నీళ్లలో. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదాన్ని దగ్గర నుంచి చూసిన ప్రాంతం మాది. జాకెట్ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

అడ్డం రాకుండా చేయడానికి మార్గాలున్నాయి. మొదటిది, జాకెట్ వదులుగా ఉంటే నీళ్లలో పైకి జరిగి గడ్డం కింద గుట్టలా నిలుస్తుంది, ఎక్కేటప్పుడు తగిలేది అదే. పక్క పట్టీలు బిగించండి. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే అదీ కట్టండి. భుజాల దగ్గర పట్టుకుని ఎవరైనా పైకి లాగితే జాకెట్ చెవుల దాకా రాకూడదు, అదే పరీక్ష. రెండోది, తెడ్డు వేసేవాళ్ల కోసం చేసిన జాకెట్లలో ముందు ఫోమ్ పలుచగా ఉంటుంది, చేతులు తిప్పడానికి చంకల దగ్గర చోటు ఉంటుంది. ఈత వచ్చినవాళ్లకు, నిలకడ నీళ్లలో, పక్కన మనుషులు ఉన్నప్పుడు 50 న్యూటన్ల రకం నప్పుతుంది. ఈత రానివాళ్లకు 100 గానీ ఆపైన గానీ ఉండాలి.

ఇంకొకటి, జాకెట్‌ను మన పనికి వాడుకోవచ్చు. అంచు పట్టుకుని ఒక్కసారి భుజాల దాకా కిందికి మునగండి. జాకెట్ మనల్ని పైకి తోస్తుంది. ఆ ఊపు మీదే కాళ్లు కొట్టి, అరచేతులతో అంచును కిందికి నొక్కండి. స్విమ్మింగ్ పూల్ గట్టు ఎక్కేవాళ్లు అలాగే చేస్తారు, గమనించండి.

ఫైబర్ పడవలకు మా వైపు పక్కన పాత టైరు వేలాడదీస్తారు. ఒడ్డుకు తగలకుండా ఉండటానికే అది, కానీ నీళ్లలో పడినవాడికి మెట్టుగానూ పనికొస్తుంది. ఇంజిన్ ఉన్న పడవైతే మాత్రం మనిషి నీళ్లలో ఉండగా ఇంజిన్ పూర్తిగా ఆపేయాలి. న్యూట్రల్‌లో పెట్టడం చాలదు. ఫ్యాన్ తగిలితే కాలు పోతుంది.

---

వీకెండ్_పెడల్ | ఆదివారం, ఉదయం 8:20

అర్థమైంది అన్నా. ఇంత దూరం ఆలోచించలేదు. థాంక్స్.

---

ఫిజియో_మల్కాజిగిరి | ఆదివారం, ఉదయం 11:15

ఫిజియోథెరపిస్ట్‌ను, వృత్తిపరంగా చూసి చెబుతున్నాను. నీలిచెరువు గారూ, చేతులు వణకడం అంటే ముంజేతి కండరాలు అలసిపోయాయని అర్థం. గట్టిగా పట్టుకునే పనిలో ముందు అలసిపోయేవి అవే. అలా వణికాక మళ్లీ అదే పద్ధతిలో ప్రయత్నిస్తే ఇంకా తొందరగా జారుతుంది. రెండుసార్లు కుదరకపోతే ఆగండి. పట్టీలోకి మోచెయ్యి దూర్చి, వేళ్లు వదులుచేసి, జాకెట్ మీద తేలుతూ ఊపిరి మామూలు అయ్యేదాకా ఉండండి. తర్వాత వేరే పద్ధతి చూడండి, లేదా విజిల్ ఊదండి. మన చెరువుల్లో నీళ్లు మరీ చల్లగా ఉండవు కాబట్టి కాసేపు ఆగినా నష్టం లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మాత్రం అంత తీరిక ఉండదు. గాలిలో కంటే నీళ్లలో ఒంటి వేడి చాలా వేగంగా పోతుంది.

40 దాటినవాళ్లకు భుజం జాగ్రత్త. చెయ్యి తలపైకి చాచి, దాని మీద ఒంటి బరువంతా వేసి లాక్కునే భంగిమలో భుజం స్నాయువులు దెబ్బతినే అవకాశం ఎక్కువ. కాళ్లు తేల్చి పడుకుని ఎక్కే పద్ధతిలో మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంటాయి, అది భుజానికి మంచిది. ఇంట్లో కసరత్తు చేయాలనుకుంటే పుల్ అప్స్ అక్కర్లేదు. పూల్‌లో గట్టు పట్టుకుని కాళ్లు కొట్టడం, గట్టు మీద అరచేతులు నొక్కి నడుము దాకా లేవడం చాలు.

బట్టల గురించి కూడా చెప్పాలి. చున్నీ, వదులు కుర్తా, జీన్స్ వద్దు. చున్నీ తెడ్డుకు చుట్టుకుంటుంది, జీన్స్‌లో మోకాలు మడవదు. లెగ్గింగ్స్, ఒంటికి పట్టిన టీషర్ట్ వేసుకోండి. ఒంటి మీద పుండ్లు, గాయాలు ఉంటే నగర చెరువుల్లో దిగకండి. జంతువుల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ గాయాల ద్వారానే ఎక్కువగా ఒంట్లోకి వస్తుంది.

---

కృష్ణ_ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 1:40

చేతులతో కానివాళ్లకు కాలితో ఎక్కే మార్గం ఉంది. తాడుతో ఒక ఉచ్చు వేసుకుని దాన్ని మెట్టులా తొక్కడం. చేతుల కంటే తొడల్లో బలం చాలా ఎక్కువ.

తాడును మీ వైపు అంచుకే కట్టి తొక్కితే పడవ మీ మీదికి వంగుతుంది. అవతలి అంచుకు కట్టి, పడవ అడుగు కిందుగా ఇవతలికి తెచ్చుకోండి. అప్పుడు లాగుడు పడవ మధ్యకు దగ్గరగా పడుతుంది, వంపు తగ్గుతుంది. మామూలు నైలాన్ తాడు తొక్కితే సాగుతుంది, కాలికి కోసుకుంటుంది. వెడల్పాటి పట్టీ తీసుకోండి. కాలు పెట్టే చోట పీవీసీ పైపు ముక్క తొడిగితే ఉచ్చు మూసుకుపోదు, పైగా పైపు బరువుకు కిందికి దిగి నిలబడుతుంది. తొక్కేటప్పుడు పాదాన్ని ముందుకు తన్నొద్దు, అది పడవ కిందికి పోతుంది. మడమను వెనక్కి, పిరుదుల వైపు లాక్కుని, ఛాతీని పడవ మీద వాల్చి నిలబడాలి.

---

తెరచాప_సికింద్రాబాద్ | ఆదివారం, మధ్యాహ్నం 2:25

తమ్ముడూ, ఈ ఉచ్చు విషయంలో నాకు భయం ఉంది. కాలు అందులో ఇరుక్కుని పడవ మళ్లీ తిరగబడితే? గుర్రపు డెక్క, నాచు ఉన్న చోట కిందికి వేలాడే ఏ తాడైనా ప్రమాదమే. మా డింగీల్లో (చిన్న తెరచాప పడవల్లో) వదులు తాళ్లు ఎప్పటికప్పుడు సర్దిపెడతాం, కాలికి తాడు చుట్టుకోవడం కంటే చెడ్డది లేదు.

---

కృష్ణ_ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 2:50

మీ భయం సబబే అన్నా. అందుకే ప్రయాణంలో అది నీళ్లలో వేలాడకూడదు. చుట్టి, చేతికి అందే పట్టీకి కట్టి ఉంచాలి, అవసరమైనప్పుడే వదలాలి. ఉచ్చు బూటుతో సహా కాలు సులభంగా వచ్చేసేంత పెద్దదిగా ఉండాలి. పాదం మడమ దాకా దూర్చకుండా మునివేళ్ల వెనక భాగంతోనే తొక్కాలి. పారే నీళ్లలో అయితే నేనూ వద్దనే అంటాను. కోట్‌పల్లి లాంటి నిలకడ నీళ్లలో, చేతులు సహకరించని మనిషికి ఇది లేకపోతే ఇంకో దారి లేదు కదా.

---

తెరచాప_సికింద్రాబాద్ | ఆదివారం, మధ్యాహ్నం 3:10

నిలకడ నీళ్లు, చుట్టి పెట్టిన పట్టీ, పెద్ద ఉచ్చు. ఈ మూడూ ఉంటే ఒప్పుకుంటాను. చిన్న పిల్లలకు మాత్రం వద్దు.

---

పదేళ్ల_నావికుడి_అమ్మ | ఆదివారం, సాయంత్రం 6:33

చర్చ చూసి అడుగుతున్నాను. మా అబ్బాయి హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ (పిల్లల చిన్న తెరచాప పడవ) నడపడం నేర్చుకుంటున్నాడు. వాన గాలుల్లో కావాలనే బోల్తా కొట్టిస్తున్నారు. వాడికి సరదాగానే ఉంది, ఒడ్డున నిలబడే నాకే గుండె దడ. అది అవసరమా?

---

తెరచాప_సికింద్రాబాద్ | ఆదివారం, రాత్రి 8:15

చాలా అవసరమమ్మా. జూన్ నుంచి ఆగస్టు దాకా మన సాగర్ మీద పడమటి గాలి బాగుంటుంది. పోటీలు కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే. ఆ గాలిలో ఎప్పుడో ఒకసారి పడవ బోల్తా పడక తప్పదు. సేఫ్టీ బోటు పక్కన ఉండగా, కోచ్ చెప్పి చేయిస్తుండగా జరిగితే పిల్లవాడికి అది భయం కాదు, ఒక పని మాత్రమే.

ఆప్టిమిస్ట్ 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల పడవ. లోపల గాలి సంచులు ఉంటాయి కాబట్టి మునగదు, కానీ తిరగబడి లేచాక తొట్టి నిండా నీళ్లుంటాయి. అలా నిండిన పడవలోకి పక్క నుంచి ఎక్కితే లోపలి నీళ్లన్నీ అటే పరుగెత్తి మళ్లీ బోల్తా పడుతుంది. వెనక వైపు నుంచి ఎక్కడం నయం. నీళ్లు తోడే డబ్బా తాడుతో పడవకు కట్టి ఉందో లేదో ప్రతిసారీ మీరే చూడండి. అది కొట్టుకుపోతే పిల్లవాడు దోసిళ్లతో తోడలేడు.

పెద్దయ్యాక లేజర్‌కి (ఒక్కరే నడిపే ఇంకాస్త పెద్ద తెరచాప పడవ) వెళితే పద్ధతి మారుతుంది. అది 4.2 మీటర్లు, కాక్‌పిట్‌లోని (కూర్చునే గుంటలోని) నీళ్లు వాటంతటవే పోతాయి. బోల్తా పడితే ముందు తెరచాప తాడు వదలాలి. తర్వాత చుట్టూ ఈది అడుగు వైపుకు వచ్చి, పైకి పొడుచుకు వచ్చిన డాగర్‌బోర్డ్ (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) మీద బరువు వేయాలి. చేతులతో లాగడం కాదు, దాని మీద నిలబడి అంచు పట్టుకుని వెనక్కి వాలాలి. పడవ లేస్తుండగానే అంచు మీదుగా లోపలికి దూరిపోతే మళ్లీ నీళ్లలోంచి ఎక్కే పనే ఉండదు. ఇద్దరు నడిపే పడవల్లో ఇంకా చక్కటి పద్ధతి ఉంది. ఒకరు డాగర్‌బోర్డ్ మీద ఉంటే రెండోవారు కాక్‌పిట్ పక్కన నీళ్లలో పడుకుని లోపలి పట్టీ పట్టుకుంటారు. పడవ లేచేటప్పుడు వాళ్లనూ గరిటెతో తోడినట్టు లోపలికి ఎత్తుకుంటుంది.

మన సాగర్‌కు మాత్రమే చెప్పే జాగ్రత్త ఇంకొకటి. అడుగున బురద మేట వేసి ఉంది. పడవ పూర్తిగా తలకిందులైతే మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) కొన బురదలో దిగుతుంది. అప్పుడు పిల్లలు బలవంతంగా తిప్పబోతే మాస్ట్ వంగుతుంది. సేఫ్టీ బోటు కోసం ఆగాలి, ఆగేటప్పుడు పడవ పైన ఎక్కి కూర్చోవాలి. పడవ పక్కకు పడి ఉండగానే త్వరగా డాగర్‌బోర్డ్ దగ్గరికి చేరమని కోచ్‌లు అరిచేది ఇందుకే.

ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేయించండి, చెవులు ఆరబెట్టండి.

---

నీలిచెరువు_నల్లగండ్ల | తర్వాతి సోమవారం, రాత్రి 9:40

అందరికీ ముందుగా కృతజ్ఞతలు. నిన్న మళ్లీ వెళ్లాం. ఎక్కగలిగాను!

రెండు ట్యూబ్‌ల మీదా చేతిపట్టీలు అతికించాం. జాకెట్ బిగించేసరికి గడ్డం కింది గుట్ట పోయింది. మునిగి లేచే ఊపు నాకు కలిసి రాలేదు, ముక్కులోకి నీళ్లు పోయాయి. కాళ్లు తేల్చి కొట్టడమే పనిచేసింది. ఛాతీ దగ్గర ఆగొద్దన్న మాట చాలా విలువైనది. ఆగకుండా వెళ్లిపోతే అవతలి పట్టీ తనంతట తానే చేతికి అందింది. అలసిపోయాక మాత్రం అలా కుదరలేదు, అప్పుడు ఉచ్చు తొక్కి ఎక్కాను. కాబట్టి రెండూ ఉంచుకుంటాను.

ఇద్దరం పడిపోయినప్పుడు ఒకరు అవతలి వైపు నుంచి పట్టుకుని కిందికి లాగుతుంటే రెండోవారు ఎక్కడం బాగా తేలికైంది. మొదట నేను ఎక్కాను, ఆయన పట్టుకున్నారు. నేను ఎక్కాక ఆయన ఎక్కేటప్పుడు అవతలి వైపుకు వాలి కూర్చున్నాను. మా వారు 92 కిలోలు. ఒకవేళ ఆయన పూర్తిగా అలసిపోయి కాళ్లు కూడా కొట్టలేకపోతే నేను లాగగలనా? ఇది ఒక్కటే మనసులో మెదులుతోంది.

---

కాకినాడ_టు_కూకట్‌పల్లి | సోమవారం, రాత్రి 10:20

చాలా సంతోషం మేడమ్!

92 కిలోల మనిషిని నిలువుగా లాగడం మీ వల్ల కాదు, నా వల్ల కూడా కాదు. చేతులు పట్టుకుని లాగితే మీరూ నీళ్లలో పడతారు. ఆయన్ను పడవ పక్కకు తెచ్చి, దగ్గరి చేతిని, దగ్గరి కాలిని ట్యూబ్ మీదికి చేర్చండి. మీరు అవతలి వైపుకు బరువు వేస్తూ, జాకెట్ పట్టీనీ మోకాలినీ పట్టుకుని చాపలా చుట్టినట్టు లోపలికి దొర్లించండి. గాలి నింపిన పడవకు ఇంకో ఉపాయం ఉంది. ఎక్కే వైపు ట్యూబ్‌లో గాలి కొంచెం తీస్తే అంచు తగ్గుతుంది. కానీ అది ఒడ్డు దగ్గర చేసి చూసుకున్నాకే. పడవలో పంపు కూడా ఉండాలి.

అదీ కుదరకపోతే లోపలికి తేవాలని పట్టుబట్టకండి. ఆయన జాకెట్‌ను పట్టీతో పడవ పక్కకు, మొహం పైకి ఉండేలా ఆనించి పట్టుకుని, సాయం కోసం విజిల్ ఊదండి. విజిల్ జాకెట్‌కే కట్టి ఉండాలి, బ్యాగులో కాదు. మనిషి పడవకు ఆనుకుని ఉంటే చాలు, ఊపిరి ఆడుతుంది, దూరం నుంచి కనిపిస్తారు.

---

కృష్ణ_ఒడ్డు | సోమవారం, రాత్రి 10:41

అక్కా, ఉచ్చు ఎంత కిందికి వచ్చింది? మీరు నీళ్లలో తేలుతున్నప్పుడు మోకాలు మడిస్తే పాదం ఎక్కడుంటుందో అక్కడ ఉండాలి. కాలు చాపితే గానీ అందనంత కిందికి ఉంటే తొక్కినా పైకి లేవరు. బావగారు పొడుగైతే ఆయనకు ఇంకో ముడి కావాలి. ఒకే పట్టీకి రెండు చోట్ల ఉచ్చులు వేసుకోండి.

---

నీలిచెరువు_నల్లగండ్ల | సోమవారం, రాత్రి 10:55

ఆయనకు కిందికి చాలలేదు తమ్ముడూ, మోకాలు ఛాతీకి తగిలింది, అందుకే తొక్కలేకపోయారు. రెండో ఉచ్చు వేస్తాం. వచ్చే ఆదివారం దొర్లించే పద్ధతి కూడా ఒడ్డు దగ్గర చేసి చూస్తాం. ఆయన కాళ్లు కొట్టకుండా ఊరికే తేలతానని ఒప్పుకున్నారు.

---

పదేళ్ల_నావికుడి_అమ్మ | సోమవారం, రాత్రి 11:08

మేమూ రావచ్చా? నాకు ఈత వచ్చు, కానీ పడవలోంచి పడటం ఎలా ఉంటుందో తెలియదు. వాడికి తెలిసింది నాకూ తెలియాలి.

---

నీలిచెరువు_నల్లగండ్ల | సోమవారం, రాత్రి 11:12

తప్పకుండా రండి. ఆరున్నరకల్లా అక్కడ ఉంటాం, గాలి లేవకముందే నీళ్లలోకి దిగాలి. మీ కొలతకు సరిపోయే జాకెట్ మీరే తెచ్చుకోండి, అద్దెవి వదులుగా ఉంటాయి. పట్టీ, పైపు ముక్క నా దగ్గర ఉన్నాయి.